కంట్రోల్ ఎస్ నొక్కితే

హంతకుడు తలుపు తీశాడు. నాయిక కెవ్వుమంది. ఆ వెంటనే, "ఆ అబ్బాయిని ఇంకా ఎన్నాళ్లు భాద పెడతావు?" అంది.

తెర మీద అది చదివిన కంప్యూటర్ మెకానిక్ నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"నవల నిండా ఇదే వాక్యం!" ఎడిటరమ్మ కళ్లలో నిప్పులు. "సేవ్ చేద్దామని కంట్రోల్ ఎస్ నొక్కితే చాలు, ఊడిపడుతోంది. అవతల ప్రెస్సువాళ్లు ఫైలు కోసం కాచుక్కూర్చున్నారు. నిన్న ఈ కంప్యూటర్ ముట్టుకుంది మీరే!"

"అమ్మతోడు, నేను కాదండీ!"

"మరి ఆ అబ్బాయి ఎవరు?"

మెకానిక్ తల దించుకున్నాడు. ఆ అబ్బాయి తనే. బాగున్న మౌస్‌ని కూడా బాగుచేస్తానంటూ ఎదురు షాపు నుంచి ఎందుకొస్తున్నాడో అతనికి తెలుసు.

"ఇది సరిచేసి వెళ్లండి. మళ్లీ ఈ గుమ్మం తొక్కకండి."

టెక్స్ట్ ఎడిటరూ, దాని ముందున్న ఎడిటరూ ఒకేసారి తిరగబడితే ఎవడు తట్టుకోగలడు? సెట్టింగ్స్ తెరిచాడు. షార్ట్‌కట్ల వరసలో సేవ్ పక్కన ఖాళీ. కంట్రోల్ ఎస్‌ని ఎవరో ఆ వాక్యానికి కట్టబెట్టారు. విడదీసి, మళ్లీ సేవ్‌కి ఇచ్చి నొక్కాడు. ఫైలు బుద్ధిగా సేవ్ అయింది.

లేవబోతూ ఆగాడు.

"ఏమండీ, నేనైతే 'బాధ' అని రాస్తాను. 'మీ కంప్యూటర్ భాద మా భాద' అని మా షాపు బోర్డు మీదుంటే, మొదటిరోజే నడిరోడ్డు మీద నిలబెట్టి దిద్దించారుగా!"

ఆమె తెర వైపు వంగింది. ముఖంలో రంగులు మారాయి.

"ఈ ఆఫీసులో ఆ వత్తు తారుమారు చేసేది ఒక్కరే. కానీ ఆయనకి షార్ట్‌కట్లు ఎక్కడ వచ్చు?"

ఈసారి పిడుగు మెకానిక్ నెత్తిన పడింది.

"నేనే నేర్పానండీ! మొన్న పిలిచి టీ ఇప్పించి, 'ఒక్క మీట నొక్కితే ఆఫీసు అడ్రసంతా పడాలోయ్' అన్నారు. మీరు ఎక్కువగా నొక్కేది ఏ మీటో కూడా అడిగారు!"

యజమాని గాజు గదిలోంచి దగ్గు వినిపించింది. నవ్వాపుకునే దగ్గు.

ఆమె నవలలోంచి ఆ వాక్యాలన్నీ ఏరిపారేసింది. ఆఖరిదాన్ని మాత్రం కొత్త ఫైలులోకి లాగి, 'భాద'ని 'బాధ'గా దిద్దింది. దాని కింద టైపు చేసింది:

"ఇక పెట్టను."

కంట్రోల్ ఎస్ నొక్కింది. సేవ్ అయింది.

మెకానిక్ కాళ్ల కింద నేల ఉందో లేదో అతనికే తెలియలేదు. ఆమె చెవుల దాకా ఎర్రబడి, గాజు గది వైపు తిరిగి అరిచింది.

"నాన్నా!"