మర్యాదకి దించిన పంచె

పొద్దున్నే దుర్గాశ్రీ కారు అద్దాలు తుడుస్తోంది. తండ్రి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు కాఫీ తాగి, రివాల్వరు నడుముకి దోపుకుని, పైన చొక్కా సర్దుకున్నారు. అమలాపురంలో కళ్ల డాక్టరుకి చూపించుకోవడానికి రివాల్వరెందుకో ఆ దేవుడికే తెలియాలి. లైసెన్సు ఉన్న మాట నిజమే. ముప్ఫై ఏళ్ల కిందట గోదావరి లంక భూముల తగాదాలో తమ్ముడు వీరవెంకటరమణని అవతలివాళ్లు నరికేశాక తెచ్చుకున్నారు. నరికినవాళ్లు కూడా కాలం చేశారు. ఈయన మాత్రం దాన్ని వదల్లేదు.

"ఇంట్లో పెట్టి రండి నాన్నగారూ."

"ఉండనీయమ్మా. అదేమన్నా అన్నం అడుగుతోందా?"

భర్త మస్కట్‌లో ఉన్నాడు. తల్లి పోయింది. ఈ మాట చెప్పీ చెప్పీ దుర్గాశ్రీకి విసుక్కునే ఓపిక కూడా అయిపోయింది.

"సరే, దారిలో పోలీసులు ఆపితే మీరు దిగకండి. చేతులు కనబడేలా ఒళ్లో పెట్టుకోండి. తుపాకీ సంగతి నేను చెబుతాను. అడిగితేనే లైసెన్సు తియ్యండి."

"ఆఫీసరు ఎండలో నిలబడి ఉంటే నేను కూర్చుని మాట్లాడాలా? మర్యాదేనా?"

"మర్యాద తరవాత. కూర్చోండి చాలు."

"ఆయ్" అన్నారాయన. ఆయన ఆయ్ అంటే విన్నానని అర్థం, చేస్తానని కాదు.

అంబాజీపేట దాటగానే, కొబ్బరి లారీల వెనక పోలీసులు బళ్లు తనిఖీ చేస్తున్నారు. కుర్ర ఎస్సై చెయ్యెత్తాడు. దుర్గాశ్రీ కారాపి, చేతులు స్టీరింగు మీదే ఉంచింది.

"నమస్కారమండీ. మా నాన్నగారి దగ్గర లైసెన్సు..." అంటూండగానే అవతలి తలుపు తెరుచుకుంది.

పెద్దాయన దిగిపోయారు. దిగాక చూసుకుంటే అడ్డపంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి ఉంది. ఆఫీసరు ముందు అలా నిలబడతారా ఎవరైనా? పంచె దించుదామని రెండు చేతులూ గబుక్కున నడుము దగ్గరికి పోనిచ్చారు. చొక్కా పైకి లేచి రివాల్వరు పిడి కనబడింది.

"సార్, తుపాకీ!" అని కానిస్టేబుల్ అరిచాడు. ఎస్సై పిస్తోలు తీసి గురిపెట్టాడు.

దుర్గాశ్రీ ఎలా దిగిందో, ఎలా చుట్టి వచ్చిందో ఆమెకే తెలియదు. తండ్రికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"కాల్చకండి బాబూ! పంచె దించుకుంటున్నారండీ, అంతే! లైసెన్సుందండీ!"

కానిస్టేబుల్ రివాల్వరు తీసుకున్నాడు. కాగితాలు చూశారు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఎస్సై రివాల్వరు తిరిగిచ్చేశాడు.

"ఎంత పని చేసేరు పెద్దాయనా! ఇంకొక్క క్షణమైతే ఏమయ్యేదండీ?"

కాస్త దూరం పోయాక దుర్గాశ్రీ కారు పక్కకి ఆపేసింది.

"ఇన్నేళ్లలో ఇది ఎవర్ని కాపాడింది నాన్నగారూ? అమ్మ దీన్ని చూసి భయపడుతూనే పోయింది. ఇప్పుడు నా వంతు. మన మీదకి వచ్చేవాళ్లెవరున్నారండీ? నేనింక పడలేను."

ఆయన నడుముకున్న రివాల్వరు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"మీ బాబాయిని నరుకుతుంటే నా చేతిలో ఏమీ లేదమ్మా. గట్టు మీద కొయ్యబారి ఉండిపోయేను. ఇది ఉంటే వాణ్ణి దక్కించుకునేవాణ్ణని ఇన్నాళ్లూ మోసేను. ఇవాళ ఇది ఉండబట్టే కదా, నువ్వెళ్లి తుపాకీకి ఎదురు నిలబడ్డావ్!"

శత్రువుల కోసం మోస్తున్నారనుకుంది ఇన్నేళ్లూ. పోయినవాడి కోసమని ఇప్పుడు తెలిసింది. దుర్గాశ్రీ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"స్టేషన్‌కి పోనియ్యమ్మా. అప్పగించేద్దాం. లైసెన్సు కూడా వద్దని రాసిచ్చేస్తాను."

"డాక్టరుగారికి చూపించుకుని వెళ్దామండీ."

"వద్దు తల్లీ. అప్పటికి నా మనసు మారిపోతుంది."

స్టేషన్లో అడిగిన చోటల్లా సంతకాలు పెట్టి బయటికొచ్చారు. రెండు మెట్లు దిగి ఆగిపోయారు. తమ్ముణ్ణి దహనం చేసిన రోజున కూడా కంట తడి పెట్టని మనిషి, కూతురి భుజం పట్టుకుని, అందరూ చూస్తుండగా "ఒరే రవణా" అని ఏడ్చారు.