అడగకముందే రిజిస్టరైపోయింది

నా కోడ్‌ని మొహం మీదే చెత్త అన్న మొదటి మనిషి ఆమె. అదీ టీ తాగుతూ అంది. కనీసం కప్పు కింద పెట్టి అనొచ్చు కదా.

"నూరుసార్లు ఆన్ చేశాను. ఏడుసార్లు స్క్రీన్ నల్లగానే ఉంది."

"అంటే తొంభై మూడు మార్కులు. ఫస్ట్ క్లాసే."

"ఇది ఆపరేషన్ థియేటర్లో డాక్టరు చూసే స్క్రీనండీ. ఆ ఏడింట్లో ఒకసారి బల్ల మీద మీరే పడుకుని ఉంటే?"

నోరు మూసుకున్నాను. ఆఫీసులో ఇది పెద్ద వార్త. అక్కడ నా పేరే 'గొడవ'. మేనేజరు మీటింగ్ పెడితే ఎందుకు పెట్టారని నిలదీసేది నేను. ఆదివారాలు ఎందుకు రావాలని అందరిచేతా సంతకాలు పెట్టించేది నేను. డిగ్రీ లేదు. టీవీలు బాగుచేసే షాపులో షాకులు తింటూ నేర్చుకున్న చదువు నాది. డిగ్రీ ఉన్నవాళ్లు నన్ను తప్పుపడితే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటివాణ్ణి కొత్తగా చేరిన టెస్టరు రెండు మాటల్లో కూల్చేసింది.

"తప్పెక్కడో చెప్పనా?" అంది.

"తప్పుందని చెప్పడమే మీ పని. ఎందుకో చెప్పడం నా పని."

"సరే, చెప్పండి."

కోడ్ పైకీ కిందికీ తిప్పాను, తప్పు కనబడలేదు. ఆమె నా పక్క కుర్చీ లాక్కుని, స్క్రీన్ మీద ఒక లైను చూపించింది.

"మీ డిస్‌ప్లే డ్రైవరు, అదే స్క్రీన్‌ని నడిపే ప్రోగ్రామ్, లేవగానే 'నేను రెడీ' అని సిస్టమ్ దగ్గర రిజిస్టరైపోతోంది. ఆ తర్వాత తీరిగ్గా ప్యానెల్‌కి కరెంటు ఇస్తోంది, మెమరీ తెచ్చుకుంటోంది. రిజిస్టరైందని తెలియగానే బొమ్మ గీసే ప్రోగ్రామ్ వచ్చి తలుపు కొడుతుంది. లోపలేముంది? ఏమీ లేదు. భోజనానికి రమ్మని పిలిచి, వాళ్లొచ్చాక బియ్యం కడిగినట్టుంది."

"తొంభై మూడుసార్లు భోజనం పెట్టాను కదా."

"ఆ తొంభై మూడుసార్లు చుట్టాలు ఆలస్యంగా వచ్చారు. అందులో మీ గొప్పేం లేదు."

ఆమె చెప్పింది నిజం. అదే నాకు మంట. అంతా సిద్ధమయ్యాక, అన్నిటికన్నా చివర రిజిస్టర్ చేయాలి. పసిపిల్లలకి కూడా అర్థమయ్యే వరస. నాకు మాత్రం ఆమె చెప్తేగానీ అర్థం కాలేదు.

ఆ లైను తీసి అట్టడుగున పెట్టాను. ఏడు కాస్తా రెండైంది. రెండు సున్నా కావడానికి మూడు నెలలుగా కొట్టుకుంటున్నాం. ఈ మూడు నెలల్లో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. కొట్లాటలు మాత్రం పోలేదు.

వానలో తడిసిన అమ్మాయిల గురించి పేజీలు పేజీలు రాసేవాళ్లంటే నాకు చిరాకు. తడిస్తే జలుబు చేస్తుంది, అంతే. కానీ ఒక సాయంత్రం బస్టాపులో ఆమె గొడుగు గాలికి తిరగబడింది. దాన్ని సరిచేయకుండా అలాగే తలకిందులుగా పట్టుకుని, "చూడు, ఇది కూడా సిద్ధం కాకుండానే తెరుచుకుంది," అంది. నేను నవ్వాను. నవ్వు ఆగాక చూస్తే నా బస్సు వెళ్లిపోయింది. ఆమె బస్సూ వెళ్లిపోయింది. ఇద్దరిలో ఎవరికీ బాధ కలగలేదు.

ఇంతలో పైవాళ్లు ఆమెని వేరే ఊరి బ్రాంచికి రమ్మన్నారు. రైల్లో ఒక పగలంతా ప్రయాణం. వస్తానో రానో ఫారం మీద రాసి సోమవారం సాయంత్రం అయిదింటికల్లా ఇవ్వాలి.

"నువ్వేమంటావు?" అని అడిగింది నన్ను, శుక్రవారం.

మేనేజరుని పదిమందిలో కడిగేసే నోరు ఇది. ఆ పూట మాత్రం "నీ ఇష్టం," అంది. ఛీ.

ఆదివారం పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే ఆమె ఫోన్ చేసింది. చేతులు ఖాళీ లేక స్పీకర్లో పెట్టాను. వంటింట్లో అమ్మ బెండకాయలు తరుగుతోంది. కత్తి చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు.

"మళ్లీ అదే పని చేశావు. నాకొక్క మాట చెప్పకుండా రిజిస్టర్ చేసేశావు," అంది ఆమె. బ్యాక్‌లైట్ డ్రైవరు సంగతి, అంటే స్క్రీన్ వెనక దీపాన్ని వెలిగించే ప్రోగ్రామ్. శుక్రవారం నేను దాన్ని ఆమెకి చూపించకుండా తిన్నగా అసలు సిస్టమ్‌లోకి ఎక్కించేశాను.

"తొందరపడ్డాను."

"లోపల ఏ ఏర్పాటూ లేదు. బయటికి మాత్రం అంతా అయిపోయిందని చెప్పేశావు. రేపు ఎవరైనా వస్తే ఏం మొహం చూపిస్తావు?"

"పోనీ, రద్దు చేసేస్తాను."

"అంత తేలికనుకున్నావా? ఒకసారి రిజిస్టరయ్యాక ఎవరెవరు దాన్ని పట్టుకుని కూర్చున్నారో చూసుకోవాలి. వాళ్లంతా వదిలితేనే రద్దు. రేపు నేనొచ్చి చూస్తాను. అందాకా నువ్వేం ముట్టుకోకు."

ఫోన్ పెట్టేసింది. తలెత్తితే గుమ్మంలో అమ్మ, చేతిలో కత్తితో.

"ఎప్పుడురా?"

"ఏంటి?"

"రిజిస్టరు."

"మొన్న శుక్రవారం," అన్నాను, ఇస్త్రీపెట్టె తిప్పుతూ.

"సాక్షులెవర్రా?"

"సాక్షులేంటమ్మా, ఆమె ఒక్కతే చూసింది, అదీ అయ్యాక..." అని ఆగిపోయాను. అమ్మ కళ్లలో నీళ్లు. అప్పుడు వెలిగింది నాకు.

"కన్నతల్లికి చెప్పాలనిపించలేదురా?" అని కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్లీ తనే, కొంచెం మెల్లగా, "పిల్ల ఎలా ఉంటుందిరా?" అంది.

ఆ క్షణాన "అమ్మా, నువ్వు పొరబడ్డావు, అది కంప్యూటరు గోల," అంటే అయిపోయేది. నోరు తెరిచాను కూడా.

"బాగుంటుందమ్మా. మా ఆఫీసులోనే టెస్టరు," అన్నాను.

చొక్కా కాలిపోయింది.

అమ్మ పిన్నికి చెప్పింది. పిన్నికి చెప్పడమంటే మైకులో చెప్పడమే. చీకటిపడేలోపు పదకొండు ఇళ్లకి తెలిసిపోయింది. 'రహస్యంగా పెళ్లి చేసుకున్నాడట, పోన్లే, పిల్ల బుద్ధిమంతురాలట' అని మావయ్య దీవెన కూడా వచ్చేసింది. ఫోన్ మోగినప్పుడల్లా ఈసారి చెప్పేద్దాం అనుకున్నాను. ప్రతిసారీ "సరే మావయ్యా, అలాగే అత్తయ్యా" అన్నాను.

సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్లేసరికి రిసెప్షన్లో పిన్ని. పట్టుచీరలో. ఆమె ముందు మా టెస్టరు, చెయ్యి పిన్ని చేతుల్లో ఇరుక్కుపోయి.

"మా వాడికి నోరెక్కువమ్మాయ్, మనసు మంచిది. దొంగపెళ్లి చేసుకున్నారని మేమేం బాధపడట్లేదు. రిజిస్టరు కాగితం ఒకసారి చూపించమ్మా, కళ్లారా చూసుకుంటాం."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపుకి నేను గోడలోకి ఇంకిపోవాల్సింది. గోడ ఒప్పుకోలేదు.

పిన్నిని ఏదో చెప్పి పంపించి ల్యాబ్‌లోకి వచ్చాం. తలుపు వేసి, ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. జరిగింది మొత్తం చెప్పాను. ఫోను, బెండకాయలు, సాక్షులు. నవ్వుతుందనుకున్నాను.

నవ్వలేదు.

"మీ అమ్మగారు పొరబడ్డారు. ఆవిడ తప్పేం లేదు. మరి నువ్వు? నిన్నంతా టైమున్నా కాదని చెప్పలేదేం?"

"చెప్పబోయాను."

"పదకొండు ఇళ్లు. పదకొండుసార్లు నోరు రాలేదా?"

"రాలేదు."

"ఎందుకు?"

ఫ్యాను తిరుగుతోంది. టేబుల్ మీద టెస్టుకి పెట్టిన సర్క్యూట్ బోర్డు తనంతట తనే ఆన్ అయి, ఆఫ్ అయి, ఆన్ అవుతోంది.

"కాదు అని చెప్తే నిజంగానే కాకుండా పోతుందేమోనని," అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. "ఊరందరికీ నేను నీ పెళ్లాన్ని. నాకొక్కదానికే తెలీదు. ఎంత తలవంపో నీకు అర్థమైందా?" అంది. గొంతు పెద్దది చేయలేదు. చేసుంటే బాగుండేది, నేనూ అరిచేవాణ్ణి, అలవాటే.

"అర్థమైంది. తప్పు నాదే."

"అయితే ముందు అది తీసెయ్. ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్. నా ఎదురుగా. తర్వాత నన్ను ఏమైనా అడగాలనుంటే అడుగు. అయిదింటికి ఫారం ఇవ్వాలి నేను."

కూర్చున్నాను. ఎత్తనివాళ్లకి మళ్లీ మళ్లీ చేస్తూ పొద్దంతా గడిచింది. మావయ్య తిట్టాడు. అత్తయ్య ఏడ్చింది. ఒక పెద్దాయన విషయం వినిపించుకోకుండా మళ్లీ దీవించాడు, ఆయనకి మొదట్నుంచీ చెప్పాల్సొచ్చింది. అమ్మ అంతా వింది. తర్వాత, "అంటే ఆ పిల్లని నువ్వింకా అడగనే లేదా? సన్నాసీ," అని పెట్టేసింది. ఆఖరున పిన్ని.

"సరేరా, మన వాళ్లకైతే నేను సర్దిచెప్తా. ఆ పిల్ల నాన్నగారికి మాత్రం నేను చెప్పలేను బాబూ. పొద్దున కోప్పడ్డా, మధ్యాహ్నం మళ్లీ చేస్తే ఎంత మురిసిపోయాడో."

"ఎవరి నాన్నగారికి?"

"రిసెప్షన్లో ఎమర్జెన్సీ అని చెప్పి నంబరు తీసుకున్నాలే."

స్పీకర్లోనే ఉంది. ఆమె కుర్చీలో కూలబడింది. గడియారం నాలుగున్నర దాటింది.

"వరస తప్పకూడదన్నావు," అన్నాను. "మీ నాన్నగారితో మాట్లాడేముందే అడుగుతున్నా. నాకు కోపం ఎక్కువ. ఓడిపోవడం చేతకాదు. నువ్వు తప్పు చూపిస్తే మండుతుంది, నువ్వు చూపించకపోతే ఇంకా మండుతుంది. వెళ్లిపోకు. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఆమె ఫోన్ తీసి, స్పీకర్లో పెట్టి వాళ్ల నాన్నకి చేసింది. ఎత్తీ ఎత్తగానే ఆయన, "నాతో చెప్పకుండా చేసుకున్నావని పొద్దున కోపం వచ్చిందమ్మా. మధ్యాహ్నానికి పోయింది," అన్నాడు.

"నాన్నా, పెళ్లి కాలేదు. వాళ్లు పొరబడ్డారు."

"కాలేదా?" ఆ ఒక్క మాటలో మనిషి అంత చిన్నబోగలడని నాకు తెలీదు.

"కాలేదు. అతను ఇప్పుడే అడిగాడు."

"ఎప్పుడు?"

"రెండు నిమిషాలైంది."

"నువ్వేమన్నావు?"

"ఇంకా ఏమీ అనలేదు. ముందు నీకు చెబుదామని..."

"నాకెందుకు చెప్తావే ముందు?" అన్నాడాయన. "అడిగినవాడు అక్కడ నిలబడి ఉంటే నాతో కబుర్లా? ఫోన్ పెట్టు. అతనికి చెప్పు. తర్వాత నాకు చెయ్యి."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఫారం ముందుకి లాక్కుని 'రావడం లేదు' అని రాసి సంతకం చేసింది. అది ఉద్యోగానికి జవాబు. తర్వాత తల నా వైపు తిప్పి, నా జవాబు నాకు చెప్పింది. ఒక్క మాటే. ఆ ఒక్క మాటకి ఎదురువాదన వెతకాలనిపించకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

అయిదుకి రెండు నిమిషాలుండగా ఇద్దరం కలిసి ఆయనకి ఫోన్ చేశాం. ఎంగేజ్.

మళ్లీ చేశాం. ఎంగేజ్.

పిన్నికి చేసి చూశాను. అదీ ఎంగేజే.