రేడియో పంతులమ్మ

"అర్థమైందా పిల్లలూ?" అని రేడియో అడిగింది.

"లేదండీ" అన్నారు ఎనిమిదో తరగతి పిల్లలంతా ఒక్క గొంతుతో.

"చాలా సంతోషం. ఇక ముందుకు వెళదాం" అంది రేడియో.

పక్క తరగతిలో ఎవరో పకపకా నవ్వారు. పిల్లలు కాదు, తెలుగు పంతులమ్మ మల్లేశ్వరి. సైన్సు మాస్టారు పానకాలుకు చెవులు ఎర్రబడ్డాయి.

చీరాల నేతపేటలోని ఆ హైస్కూలుకు రేడియో వచ్చింది అరవై రెండులో. కొత్తగా ఉద్యోగంలో చేరిన పానకాలే పట్టుబట్టి తెప్పించాడు. దాని మీద దుమ్ము పడితే తన జేబురుమాలుతో తుడిచేవాడు. విజయవాడ నుంచి పాఠం వచ్చే వేళకు, గుమ్మంలోకి పెళ్లివారు దిగినట్టు హడావిడి పడేవాడు.

ఆ సాయంత్రం స్టాఫు రూములో, నవ్వడానికి ఏముందని ఆమెను నిలదీశాడు. ఆమె టీ గ్లాసు దించకుండానే జవాబు చెప్పింది.

"మీ పెట్టెకు నోరుంది గాని చెవుల్లేవు మాస్టారూ."

తర్వాత కొన్నాళ్లు ఎదురుపడితే ఇద్దరూ చెరో గోడ చూసేవారు. అయినా ఆమె ఏ రోజు ఏ రంగు చీర కట్టుకొచ్చిందో పానకాలుకు తెలుస్తూనే ఉండేది. గోడలు చూసేవాడికి ఎలా తెలిసిందని మనం అడగకూడదు.

ఒకరోజు రేడియోలో వాన గురించి పాఠం. మేఘం ఎలా కూడుతుందో చెబుతుండగానే బయట నిజం వాన దిగింది. ఉరిమినప్పుడల్లా రేడియో గరగరలాడింది. చివరికి కరెంటే పోయింది. పిల్లలు మాస్టారి వంక చూశారు. మాస్టారు రేడియో వంక చూశాడు.

మల్లేశ్వరి గుమ్మంలోకి వచ్చింది. "పాఠం బయట జరుగుతోంది. పిల్లల్ని తీసుకురండి" అంది.

వరండాలో పిల్లల చేత దోసిళ్లు పట్టించి, పానకాలు వాడరేవు సముద్రం దగ్గర మొదలుపెట్టాడు. అక్కడ ఎండకు లేచిన ఆవిరి ఇక్కడ వాళ్ల చేతుల్లో చినుకై ఎలా పడిందో చెప్పాడు. అర్థంకాని మొహం కనపడితే మళ్లీ మొదటికి వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయినా గమనించలేదు. మల్లేశ్వరి తన తరగతి మాటే మరిచిపోయి నిలబడింది.

"ఇంత బాగా చెప్పేవాళ్లు ఆ పెట్టె వెనక ఎందుకు దాక్కున్నారు?" అని అడిగింది, పిల్లలు వెళ్లాక. ఆ గొంతులో ఈసారి వెటకారం లేదు.

పానకాలు కనిగిరి దగ్గర పల్లెలో చదువుకున్నాడు. ఆ బడికి సైన్సు మాస్టారే లేడు. పుస్తకంలో ఆ పేజీలు వదిలేసి ముందుకు పోయేవారు. "నా గొంతు ఈ వరండా దాటదండి. ఆ పెట్టె గొంతు మా ఊరిదాకా పోతుంది. చెవుల్లేకపోయినా పోతుంది" అన్నాడు.

మర్నాటి నుంచి మల్లేశ్వరి ఖాళీ దొరికినప్పుడల్లా రేడియో పాఠానికి వచ్చి వెనక బెంచీలో కూచునేది. పాఠం అయ్యాక పిల్లల్ని తనే ప్రశ్నలడిగేది. రేడియోలో వాళ్లు ప్రశ్న వేశాక కాస్త ఆగితే, పిల్లలు ఆలోచించుకుంటారు కదా అనేది. ఎలా ఆగాలో చదివి చూపించేది. ఆమె ఆగిన చోటల్లా పానకాలు గుండె పరుగు తీసేది.

మనిషికి నోరూ చెవీ ఇచ్చిన దేవుడు, మధ్యలో ఈ పెట్టెల అవసరం ఎందుకు కల్పించాడా అని నాకొక అనుమానం. వీళ్లిద్దర్నీ తలుచుకుంటే అది కొంత తీరుతుంది.

ఆమె చదివే తీరు గురించి పానకాలు విజయవాడ కేంద్రానికి రాశాడు. గొంతు పరీక్షకు రమ్మని ఆమెకు పిలుపు వచ్చింది. మల్లేశ్వరి కాళ్లు నేల మీద నిలవలేదు. కాని తండ్రి రోశయ్య వద్దన్నాడు. సంగతి తెలిసిన పానకాలు వాళ్లింటికి పరుగెత్తాడు.

రోశయ్య మగ్గం గుంటలో కూచుని నేస్తున్నాడు. పెళ్లికాని పిల్ల గొంతు హోటళ్లలో, కిళ్లీ కొట్ల దగ్గర ప్రతివాడూ వింటుంటే ఏం మర్యాదన్నాడు. పానకాలు చదువు గురించి చెప్పాడు, కనిగిరి పిల్లల గురించి చెప్పాడు. మగ్గం ఆగలేదు.

"ముందు పెళ్లి కానీయండి మాస్టారూ. ఆ మొగుడు ఒప్పుకుంటే అప్పుడు చెప్పుకోమనండి రేడియోలో."

"నేను ఒప్పుకుంటున్నానండి" అన్నాడు పానకాలు.

మగ్గం ఆగిపోయింది. తనేమన్నాడో పానకాలుకు అప్పుడు తెలిసింది. రోశయ్య గుంటలోంచి తలెత్తి అతణ్ణి ఎగాదిగా చూశాడు. ఈ కుర్రాడిదీ మగ్గం ఆడే ఇల్లేనని ఆయన ఎప్పుడో విన్నాడు.

"ఆయన ఒప్పుకోవడం బాగానే ఉంది నాన్నా" అంది తలుపు పక్కనుంచి మల్లేశ్వరి. "నేను ఒప్పుకుంటే కదా ఆయన మొగుడయ్యేది."

పానకాలు ఆమె వైపు తిరిగాడు. ఎన్ని మాటలు వెతికినా ఒక్కటే దొరికింది.

"ఒప్పుకుంటారా?"

"ఆ మాట మీరు ముందు నన్నడగాల్సింది" అంది మల్లేశ్వరి. ఆమె పెదవులు నవ్వు ఆపుకోలేకపోయాయి. "ఒప్పుకున్నాను."

వంటింట్లోంచి వెంకటేశ్వరమ్మ కూతుర్ని కేకేసింది. "ఇంతకీ విస్తరి మాస్టారికి వెయ్యనా, అల్లుడికి వెయ్యనా?"

రోశయ్య గుంటలోంచి పైకొచ్చి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"పరీక్ష ఎప్పుడమ్మా?"

"గురువారం నాన్నా."

"అయితే బుధవారమే బయల్దేరదాం. ముందు మంగళగిరి కొండెక్కి, స్వామికి పానకం పోసి, నీ చేత ఒక పద్యం చదివిద్దాం. నీ గొంతు మొదట ఆయన వినాలి. తర్వాత ఊళ్లన్నీ వింటాయి."