బైబిల్ స్త్రీ బొమ్మ

ఉదయం పదిన్నరకి టెక్కలి మిషన్ మ్యూజియంలో దొంగతనం బయటపడింది. చిత్రమేమిటంటే, పోయిన బొమ్మ ఇంకా గోడమీదే ఉంది.

తొంభై ఏళ్ళ కిందట ఓ దొర పెన్సిల్‌తో గీసిన బొమ్మ అది. ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన బైబిల్ స్త్రీ మేరీది. దుమ్ము దులపడానికి ఫ్రేమ్ విప్పిన క్యూరేటర్ గిద్యోను గుండె గుభేలుమంది. లోపల కాగితం కొత్తది. అసలు బొమ్మ మాయం, ఉన్నది నకలు.

మ్యూజియం తాళంచెవి ముగ్గురి చేతుల్లో తిరిగేది. గిద్యోను, డ్రాయింగ్ మాస్టారు ఉమామహేష్, ఆయన శిష్యురాలు లిల్లీ.

లిల్లీ నౌపడ ఉప్పుమళ్ళ కూలీ కూతురు. ఆర్నెల్లుగా ఆ పాత బొమ్మల ముందే కూర్చుని గీత నేర్చుకుంటోంది. సోమవారం విశాఖలో ఫైన్ ఆర్ట్స్ సీటుకి ఇంటర్వ్యూ. కేసు పడితే సీటు సంగతి మరిచిపోవచ్చు.

ఆ పిల్లే తీసిందని స్టేట్‌మెంట్ ఇచ్చింది ఉమామహేష్. పాత బొమ్మల్లోంచి ప్రాణం పట్టుకోవాలంటూ లిల్లీని అక్కడికి తీసుకొచ్చిందీ ఆయనే. ఎస్సై ఇవాంజెలిన్‌కి ఒళ్ళు మండింది. శిష్యురాలి మీద చెప్పేటప్పుడు ఈ మనిషి నోరు కాస్తయినా తడబడలేదు.

ముగ్గురినీ ఫ్రేమ్ ముందు నిలబెట్టింది.

"గిద్యోను గారూ, మన సంఘంలో ఆడోళ్ళు బొట్టెడతారా?"

"ఎట్టరమ్మా."

"మరి బైబిల్ స్త్రీ నుదుట ఇదేటి?"

గుండ్రంగా దిద్దిన బొట్టు. కాగితం చూసిన కంగారులో గిద్యోను బొమ్మలోని మొహం చూడనేలేదు.

ఇవాంజెలిన్ లిల్లీ డ్రాయింగ్ బుక్ తిప్పింది. పేజీ పేజీకీ అదే మేరీ. ఒక్కదానికీ బొట్టు లేదు. క్రైస్తవ సంఘంలో పుట్టిన పిల్ల చేతికి ఆ ఊహే రాదు.

"మాస్టారూ?"

ఉమామహేష్ బొట్టుకేసి చూశాడు. "ఆడమనిసి బొమ్మ గదా మేడమ్. సెయ్యి దానంతటదే ఎట్టేసింది."

అసలు బొమ్మ పలాసలో ఆయన బీరువాలో దొరికింది. మూలనున్న దొర సంతకాన్ని రబ్బరుతో చెరిపేసి, ఎగ్జిబిషన్ కోసం తన పేరు రాసుకున్నాడు. ఛీ! ఇవాంజెలిన్‌కి ఆ కాగితం పట్టుకున్న చేతులు కడుక్కోవాలనిపించింది.

సాయంత్రం స్టేషన్లో లిల్లీకి పుస్తకం తిరిగిచ్చింది. ప్రతి బొమ్మ కిందా మాస్టారి ఎర్రసిరా ‘గుడ్’. లిల్లీ రబ్బరుతో రుద్దింది. పోలేదు. ఒక్కో పేజీ చింపి బల్లమీద పెట్టసాగింది.

"సోమారం వాళ్ళకేటి సూపిత్తావమ్మా?"

చివరి పేజీ దగ్గర లిల్లీ చెయ్యి ఆగింది. మేరీ బొమ్మే. మాస్టారు ఇంకా చూడనిది.

"ఇదొక్కటీ నాది మేడమ్," అంది.