నిచ్చెన లేని ఇల్లు

వంటింట్లో బల్బు మాడిపోయి చాలా రోజులైంది. కిటికీలోంచి వచ్చే వెలుతురులోనే కోడలు కూరగాయలు తరుగుతోంది. కుర్చీ ఎక్కితే అందదు. పక్కింటివాళ్ళ నిచ్చెన అడుగుదామంటే అత్తగారు దాన్ని గుమ్మం దాటనివ్వదు. ఆవిడ భర్త గోడలకు రంగులు వేసేవాడు, నిచ్చెన మీంచి పడి చనిపోయాడు. అప్పటికి కొడుకు బడికి వెళ్ళే పిల్లవాడు. కాళ్ళు నేలకు ఆనే పనే వాడికి కావాలని పట్టుబట్టి కుట్టుమిషను ముందు కూర్చోబెట్టింది.

ఆ కొడుకు మెడలో టేపుతోనే పళ్ళెం ముందు కూర్చున్నాడు.

"మళ్ళీ నూనె లేని కూరేనా? నా నాలుక ఏం పాపం చేసిందే?"

"నాలుకని కాదు, మీ రక్తాన్ని అడగండి. కొలెస్ట్రాల్ అంతుందని తెలిసి కూడా మాత్ర వద్దంటారేమిటి?"

"నేనన్నానా? డాక్టరే అన్నాడు. బీపీ లేదు, షుగర్ లేదు, సిగరెట్టు లేదు. తిండి తగ్గించి, నడిచి, మళ్ళీ పరీక్ష చేయించుకున్నాక చూద్దామన్నాడు."

"నడిచారా మరి? వీధి చివర కొట్టుకి కూడా బండేగా!"

"ఒకసారి మొదలెడితే జన్మంతా మింగాలట. నొప్పా పాడా? రాయిలా ఉన్నాను."

పక్క గదిలోంచి అత్తగారు అందుకుంది. "ఏ నొప్పీ లేనివాడికి మందెందుకే అమ్మాయ్? తిరిగే మనిషిని రోగిని చేస్తావా?"

కోడలు కత్తి పక్కన పడేసింది. రోజూ ఇదే మాట, ఇదే జవాబు.

"అది నొప్పి వచ్చాక వేసుకునేది కాదత్తయ్యా, రాకుండా వేసుకునేది! ఎన్నిసార్లు చెప్పాలి? అసలు మాట వినే వంశమైతేగా. మామయ్యగారు చూసుకోక జారారు, ఈయన తెలిసి తెలిసీ జారుతున్నారు."

అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముఖం కందగడ్డలా ఉంది.

"ఎవరే జారింది? నా మొగుడా? ఒంటికాలి మీద నిలబడి కప్పు అంచులకు రంగేసే మనిషి! లోకమంతా అదే కూత, జారాడు, జారాడు అని. ఆయన జారలేదు!"

"మరేమైంది?"

"పొద్దుట్నించీ దవడ లాగుతోందన్నాడు. పన్నేమోనని లవంగం ఇచ్చాను. అన్నం పట్టుకెళ్ళేసరికి నిచ్చెన మధ్యలో ఆగిపోయి, మెట్టుకి నుదురు ఆనించి ఉన్నాడు. ఎండ లేదు, అయినా చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. 'గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుందే, నీళ్ళియ్యి' అన్నాడు. నేను చెంబు అందుకునేలోపే..."

కోడలి కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. "అప్పుడు మామయ్యగారి వయసెంత?" అంది మెల్లగా.

"ఎంతా? వీడి ఈడే..." అంటూ కొడుకు వైపు చూసి ఆగిపోయింది.

కొడుకు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "అమ్మా, డాక్టరు నన్ను అడిగాడు. నాన్నకి గానీ, అన్నదమ్ములకి గానీ చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా అని. లేదు, నాన్న నిచ్చెన మీంచి జారిపడ్డాడని చెప్పాను."

కోడలు అప్పటికే డాక్టరుకి ఫోను చేసి స్పీకరు పెట్టింది. డాక్టరు అంతా విన్నాడు.

"అప్పుడు పరీక్షలు లేవు కాబట్టి రూఢిగా చెప్పలేను. కానీ వింటుంటే గుండెపోటులాగే ఉందమ్మా. మేం ఒక్క అంకె చూసి మాత్ర రాయం, ఇంట్లోవాళ్ళ సంగతి కూడా కలిపి చూస్తాం. ఇది ముందే తెలిస్తే ఆగమనేవాణ్ణి కాదు. ఇవాళే రమ్మనండి, మొదలుపెడదాం."

"జన్మంతా మింగాలా డాక్టరుగారూ?" కొడుకు గొంతులో ఈసారి వెటకారం లేదు.

"ఆ జన్మ పొడుగ్గా ఉండాలనేగా బాబూ!"

సాయంత్రం మాత్రలతో ఇల్లు చేరేసరికి అత్తగారు చీకటి వంటింట్లో కూర్చుని ఉంది.

"అత్తయ్యా, పొద్దున నోరు జారాను," అంది కోడలు.

"జారబట్టే నా నోరు పెగిలింది. ఒరేయ్, పక్కింటివాళ్ళ నిచ్చెన పట్రా."

కొడుకు ఎక్కాడు. ఆవిడ రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది. బల్బు వెలిగాక కోడలు చూస్తే, అత్తగారు మెట్టుకి నుదురు ఆనించి ఏడుస్తోంది.

"దీన్ని ఇన్నేళ్ళూ ఊరికే ఆడిపోసుకున్నానే."

"అమ్మా, ఇక వదులు, దిగుతాను."

"నువ్వు దిగు. నీ కాళ్ళు నేలకి ఆనాక వదుల్తాను."