గాలికి ఎదురొచ్చిన బోయా

2003 జూన్. బందరు రేవులో ఇశ్రాయేలు గారి మరపడవ ఎక్కేటప్పటికి నాకు ఏడుపొక్కటే తక్కువ. గాలి సముద్రపు నీటిని ఎటు తోస్తుందో తెలుసుకోవడానికి ఆ వేసవి మొదట్లో మేము ఐదు బోయాలు వదిలాం. ఒక్కోటీ పుచ్చకాయంత తెల్లటి గోళం, కింద తాడుకి నీళ్లలో వేలాడే పొడవాటి గుడ్డ గొట్టం, లోపల బ్యాటరీ. తనెక్కడుందో శాటిలైట్‌కి అదే చెబుతుంది. నైరుతి గాలికి నాలుగూ బుద్ధిగా విశాఖ వైపు పోయాయి. ఐదోది మాత్రం గాలికి ఎదురుగా, కృష్ణా నది సముద్రంలో కలిసే సంగమం వైపు వస్తోంది.

"యంత్రం పాడై ఉంటుంది. ఆ డేటా తీసెయ్యి ఫౌజియా," అన్నారు మా గైడు.

ఇదీ తీసేస్తే నా థీసిస్‌లో మిగిలేది పై అట్ట ఒక్కటే! ఒళ్లు మండి, దాన్ని నేనే పట్టుకొస్తానని బయల్దేరాను.

సంగమం చేరేసరికి పొద్దు వాలింది. మడ అడవి మీంచి కుళ్లిన ఆకుల వాసన. బోయా కనిపించింది. అలలన్నీ దాన్ని దాటి వెనక్కి పోతున్నాయి. అది మాత్రం నింపాదిగా ఒడ్డుకేసి నడుస్తోంది.

ఇశ్రాయేలు గారు ఇంజను ఆపారు. గాలి కూడా ఆగింది. కొక్కెంతో తాడు అందుకుని లాగాను. రాలేదు.

"వలకి తగులుకుందేమోనండీ."

"ఇక్కడెవరూ వల వెయ్యరమ్మా," అన్నారాయన గొంతు తగ్గించి. "వదిలెయ్యండి."

"మీరూ అదే మాటంటారేంటండీ!" విసుగ్గా రెండు చేతులా లాగాను.

కింద నుంచి... ఎవరో తిరిగి లాగారు. ఒకసారి. మళ్లీ... మెల్లిగా.

అంతలో పట్టు సడలింది. గుడ్డ గొట్టం పైకొచ్చింది. ఖాళీ. కానీ పడవ ఒక పక్కకి ఒరిగింది... ఎవరో ఎక్కినట్టు. రేవు చేరేదాకా అలాగే ఉంది. ఇశ్రాయేలు గారు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆయన పడవ దిగుతూ, "ఇంటికి తిన్నగా వెళ్లకండమ్మా," అన్నారు. నేను వినలేదు.

మర్నాడు మా ఊరి ఆటోనగర్‌లో మా నాన్న తన వర్క్‌షాపులో గోళం కోశారు. బ్యాటరీని ఉప్పునీళ్లు తినేశాయి.

"ఇది చచ్చిపోయి నెలలై ఉంటుందమ్మా," అన్నారు.

సాయంత్రం నాన్నకి చెప్పి గుణదలలో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లాను. ఐదో బోయా నుంచి కొత్త చుక్కలు. పొద్దున బందరు రేవు. మధ్యాహ్నం ఉయ్యూరు. చివరిది... ఆటోనగర్.

అక్కడి నుంచే వర్క్‌షాపులో ఉన్న నాన్నకి ఫోన్ చేశాను.

"ఉండమ్మా, ఎవరో ఆడమనిషి వచ్చింది. నిలువెల్లా తడిసిపోయింది పాపం. నువ్వెక్కడున్నావని అడిగింది."

"చెప్పకు నాన్నా!"

"చెప్పేశానే..."

తెర మీద చుక్క గుణదల వైపు కదిలింది.