ఉప్పు కొఠారులో దొరికిన తుపాకీ

మా బోగోలు నించి సముద్రానికి పోయే దోవలో పాత ఉప్పు కొఠారు ఒకటుంది. కప్పు ఎప్పుడో ఎగిరిపోయింది, గోడలు మాత్రం మొండిగా నిలబడుండాయి. పొద్దుగూకితే ఆ దోవన కుక్క కూడా పోదు.

నేను టీ అంగడోణ్ణి. పొద్దస్తమానం జనం నోళ్ళలో కథలు ఇంటానే ఉంటా, ఒక్కటీ నమ్మను. ఇది మాత్రం మధుబాబు పోలీస్‌స్టేషన్ నించి నేరుగా వచ్చి, నా బల్ల మీద కూలబడి చెప్పినాడు. చెప్పినంతసేపూ తల ఎత్తలా. టీ చల్లారిపోయింది.

తెల్లోళ్ళ కాలంలో ఆ కొఠారుకి ఒక దొర కాపలా ఉండేవాడంట. ఉప్పు దొంగ కనపడితే తుపాకీతో కాల్చేసేవాడంట. చచ్చినా కాపలా వదల్లేదని మా ఊరి మాట. రాత్రిళ్ళు ఆ పక్క నించి "ఢాం..." అని వినపడేది. దొర దొంగల్నే కాలుస్తాడు, మంచోళ్ళ జోలికి రాడు — ఇదీ ఇంకో మాట.

ఆ రెండో మాటే పేరమ్మ కొంప ముంచింది.

ఆమె మొగుడు చెంచయ్య పీతలు పట్టేవాడు. ఒక రాత్రి కొఠారు పక్క కాలవలో బుట్టలు పెట్టను పోయినాడు. తెల్లారి చూస్తే బురదలో బోర్లా పడుండాడు, రొమ్ము నిండా గుండ్లు. పోలీసులొచ్చి వెతికినారు, తుపాకీ దొరకలా. "దొర కాల్చినాడు" అన్నారు జనం. దొర కాల్చినాడంటే చెంచయ్య దొంగనే కదా! ఆ పక్కనే రొయ్యల గుంటలు. ఇంకేముంది, రొయ్యలు దొంగిలించను పోయినాడని తేల్చేసినారు. ఇన్నేళ్ళుగా పేరమ్మ దొంగ పెళ్ళాం. కొళాయి దగ్గరికి ఆమె వస్తే ఆడోళ్ళు తమ బిందెలు పక్కకి జరుపుకునేవాళ్ళు. ఏం నోళ్ళు సామీ అవి!

గుంటలు మధుబాబు నాయన పద్మనాభయ్య గారివి. పాపం అని నెలనెలా పేరమ్మకి బియ్యం పంపేవాడు ఆయన. దొంగ కుటుంబాన్ని సాకినాడు, దేవుడు అనేవాళ్ళు. రెండేళ్ళ కింద పోయినాడు.

మొన్న ఎండాకాలం కొఠారులో నేల చదును చేస్తా ఉంటే, గడ్డకట్టిన ఉప్పు కింద తుపాకీ బయటపడింది. మూతిలో మందు కూరి, గుండ్లు పోసి, కమ్మీతో దట్టించి కాల్చే రకం. తుప్పు పట్టి, పెచ్చులు లేసి, ముత్తాతల నాటిది మాదిరి ఉండింది. "దొర తుపాకీ!" అని కూలోళ్ళు పలుగులు పారేసి పరిగెత్తినారు. దెయ్యం సొత్తు పొలిమేర దాటితే ఊరికి అరిష్టమని పెద్దోళ్ళు దాన్ని అక్కడే ఉంచినారు. తెల్లారితే పోలీసులొచ్చి పట్టుకుపోతారు.

దీపాలు పెట్టే వేళకి పేరమ్మ మధుబాబు వాకిట్లో నిలబడింది. మధుబాబుకి పాత కత్తులు, పాత నాణేలు పోగేసే పిచ్చి. ఏది ఏ కాలందో చెప్తాడని పేరుంది.

"బాబూ... ఒక్క ముక్క చెప్పు. అది పాతదా, ఈ కాలందా? దొరదైతే నా నోరు మూసుకుంటా. ఈ కాలందైతే..."

ఆపైన చెప్పలేకపోయింది. మధుబాబు కిరసనాయిలు సీసా, గుడ్డా తీసుకుని బయల్దేరినాడు.

కొఠారులో గాలి లేదు. అడుగేస్తే ఉప్పు పెళ్ళలు కరకరలాడతా ఉండాయి. పేరమ్మ టార్చి పట్టుకుంది. మధుబాబు గోడకి ఆనుకుని కూర్చుని, తుపాకీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

మూల ఏదో కదిలినట్టయింది...

"ఎవరూ?"

"పీత బాబూ," అని గుసగుసలాడింది పేరమ్మ. "నువ్వు చూడు."

దొరల తుపాకీ అయితే కంపెనీ ముద్ర ఉండాలి. ఎంత వెతికినా లేదు. తుప్పు తినేసిందిలే అనుకున్నాడు. గొట్టంలో వేలు పెట్టినాడు — లోపలంతా నున్నగా ఉంది. రైఫిలైతే మెలికలు తిరిగిన గాడులు ఉండాలి. అవీ అరిగిపోయినాయిలే అనుకున్నాడు. చూడు, మనిషి మనసులో ఒకటి పెట్టుకుంటే కళ్ళు కూడా అదే పాట పాడతాయి.

"పాతదేనమ్మా," అన్నాడు. "దొరల నాటిదే."

పేరమ్మ టార్చిని ఇంకాస్త దగ్గరికి పట్టింది.

ఎందుకో ఇంకోసారి తుడవాలనిపించింది. కిరసనాయిలు పోసి గట్టిగా రుద్దినాడు. ఉప్పూ తుప్పూ కలిసి గడ్డకట్టిన పెచ్చు ఊడొచ్చింది. దాని కింద... నీలం రంగు.

మధుబాబు చెయ్యి ఆగిపోయింది.

పడవకి వేయగా మిగిలిన నీలం రంగు. ఆ రంగు జీపుకి పూసినోడు ఈ చుట్టుపక్కల ఒక్కడే. గొట్టం మాదిరి బోలుగా ఉండే స్టీరింగు రాడ్డు దాకా పూసేస్తే ఊరంతా నవ్వింది. తరవాత ఆ రాడ్డు విరిగిపోయిందని కొత్తది వేయించినాడు. పాతది ఏమైందని మధుబాబు నాయన్ని ఎప్పుడూ అడగలా. గొట్టం మొదట్లో రుద్దితే, స్టీరింగు చక్రం కూర్చునే సన్నటి పళ్ళు కూడా తేలినాయి. ఇన్నేళ్ళు ఉప్పులో నానితే ఏ ఇనుమైనా ముసలిదైపోదా?

గుంటల మీదికి వచ్చే నీటికాకుల్ని కాల్చను రాత్రిళ్ళు పోయేవాడు నాయన. చీకట్లో అలికిడైతే కాల్చుంటాడు... పిట్ట కాదని దగ్గరికి పోయినాక చూసుంటాడు. దొర దొంగల్నే కాలుస్తాడని మొదట అన్నది ఎవరో కూడా అప్పుడే గుర్తొచ్చింది మధుబాబుకి. వాళ్ళింటి అరుగు మీదే పుట్టింది ఆ మాట.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? రంగు మీద ఉప్పు మట్టి రుద్దేస్తే సరి. ఇంట్లో దండేసిన నాయన పటం కళ్ళ ముందు ఆడింది. పిడికిట్లోకి మట్టి కూడా తీసుకున్నాడంట... అది చెప్పేటప్పుడు మొహం రెండు చేతుల్తో కప్పేసుకున్నాడు నా ముందర.

మట్టి జారవిడిచి అన్నాడు, "అబద్ధం చెప్పినానమ్మా. ఇది కొత్తది. మా జీపు రాడ్డుతో చేసింది... మా నాయనది."

పేరమ్మ తిట్టలా. ఏడవలా. టార్చి ఆర్పేసింది. చీకట్లో, కాలవ వైపు గుమ్మం దగ్గరికి పోయి నిలబడింది. ఇన్నేళ్ళు అణుచుకున్న గొంతుతో, ఇంట్లో మొగుణ్ణి అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

"ఏమయ్యో... విన్నావా? నువ్వు దొంగవి కాదంట!"

చప్పుడు లేదు. అలలు కూడా ఆగినట్టుండింది.

అప్పుడు... గుమ్మం వైపు నించి కాదు... కాలవ నించి కాదు... గోడకి ఆనుకుని కూర్చున్న మధుబాబు చెవి పక్కనే, మెల్లగా —

"ఊఁ."

"తిరిగి చూసినావా అబ్బయా?" అని అడిగినాను నేను, టీ గ్లాసు చేతిలోనే పట్టుకుని.

మధుబాబు తల అడ్డంగా ఊపినాడు.

"ఏ మొహం పెట్టుకుని చూసేదన్నా?" అన్నాడు.